ఎర్ర వైరు

ధర్మవరం నుంచి పోస్టులో వచ్చిన పెళ్ళిపత్రిక ఒకటి హిందూపురంలో షహనాజ్ ఇంటిని ఎట్లా అతలాకుతలం చేసిందో పోయిన వారం చూశాం. పెళ్ళికూతురు ఆస్మా, మేనత్త మున్నీబీ కూతురు. తల్లిలేని షహనాజ్‌ను పసితనం నుంచి పెళ్ళీడుదాకా సాకింది ఆ మేనత్తే. అలాంటి అత్తకూ ఈ ఇంటికీ పదేళ్ళకు పైగా మాటల్లేవు, రాకపోకల్లేవు. షహనాజ్ పెళ్ళిరోజున పందిట్లో నిలబడి, మెటికలు విరిచి, పెళ్ళికూతురిని శపించి పోయిందని బంధువులందరి నోటా ఒకటే మాట. అయినా పత్రిక చేతికి రాగానే షహనాజ్ ప్రాణం ధర్మవరం వైపు లాగింది. ఆ సంగతి పెనుకొండలో తండ్రి చెవిన పడడమే ఆలస్యం, పరుపులు కుట్టే కాలేసాబ్ దబ్బనం పక్కన పడేసి తొలి బస్సుకు హిందూపురంలో దిగాడు. సంచిలోంచి గుడ్డ చుట్టిన వీడియో క్యాసెట్ తీసి కూతురి ముందు పెట్టాడు.

"నీ పెండ్లి క్యాసెట్టు. ఆ పొద్దు ఆయమ్మ ఏం చేసిందో నీ కంప్యూటర్లో ఏసుకోని కండ్లారా చూడు. చూసినాక గూడా పోతానంటే పో. మళ్ళ నా గడప మాత్రం తొక్కద్దు" అన్నాడు.

కన్నతండ్రి ఒకవైపు, పెంచిన చేయి ఒకవైపు. షహనాజ్‌కు ఇద్దరూ కావాలి. కాలేసాబ్ మాత్రం ఒకరినే ఎంచుకోమంటున్నాడు.

*

ఆదివారం పొద్దున. సాదిక్ మిల్లులో షిఫ్టుకు పోయాడు. "మామా అల్లుళ్ళం తర్వాత కూర్చుందాంలే, ముందు మీ తండ్రీకూతుళ్ళ పంచాయితీ తెంచుకోండి" అని నవ్వుతూనే జారుకున్నాడు, గట్టివాడు. ముందుగదిలో షహనాజ్, కాలేసాబ్, మధ్యలో కంప్యూటర్. పొద్దు ఎక్కుతున్నా పూలమ్మే కుళ్ళాయమ్మ కేక ఇంకా వీధిలో వినపడలేదు. రోజూ ఈపాటికి ఆమె మూర కొలిచి, దానిమీద ఇంకో జానెడు వదిలి తెంపి, "పెట్టుకో తల్లీ, నీ జడకు ఇది ఏమూలకు?" అని పోయేది. ఇవాళ ఎందుకు రాలేదబ్బా అనుకుంటూనే షహనాజ్ క్యాసెట్ విప్పింది.

అది రెండువేల నాలుగో సంవత్సరం. కంప్యూటరంటే పిల్లల చదువులకనీ, ఆఫీసు ఉద్యోగాలకనీ జనం అనుకునే కాలం. షహనాజ్‌కు మాత్రం అది గొంతులు దాచుకునే పెట్టె. మొదట ఏదో సరదాకి ఒక పాత ఆడియో క్యాసెట్‌ను వైరు కలిపి అందులోకి ఎక్కించింది. అది సీడీ అయి గరగర లేకుండా మోగేసరికి ఇక ఆమెకు పట్టపగ్గాల్లేవు. వీధిలో వాళ్ళ సీమంతాలు, బడిపిల్లల డాన్సులు, పోయిన పెద్దల మాటలు, అన్నీ ఆమె ముందుగదిలోకి క్యాసెట్లుగా వచ్చి సీడీలుగా పోయేవి. "నీకు అన్నం కంటే ఆ గీతలే ఎక్కువైపోయినాయి" అని సాదిక్ ఏడిపించేవాడు. గీతలంటే, శబ్దం లోపలికి వచ్చేటప్పుడు తెరమీద పాకేవి. గొంతు పెరిగితే గీత ఉబ్బుతుంది, తగ్గితే సన్నబడుతుంది, ఎవరూ ఏమీ అనకపోతే చదునుగా పడుకుంటుంది. ఆ గీతలు చూసి లోపల ఏముందో పసిగట్టడమంటే షహనాజ్‌కు మహా ఇది.

రీలు అంచున తెల్లగా బూజు పట్టింది. మెత్తటి గుడ్డతో అంటీ అంటనట్టు తుడిచి, ఒకసారి ముందుకూ వెనక్కూ తిప్పి, వీసీఆర్‌లోకి తోసింది. పాత వీసీఆర్ చెడిపోతే సాదిక్ ఈమధ్యే బెంగుళూరు నుంచి పట్టుకొచ్చిన సెకండ్‌హ్యాండ్ సరుకది. వెనక మూడు రంధ్రాలు. పసుపు పిన్ను బొమ్మకు. తెలుపూ ఎరుపూ శబ్దానికి. మూడూ తగిలించింది.

"ఆ ఎర్రది ఏమిటికిమ్మా? మన ఇంట్లో అది ఊరికే యాలాడతాన్యది గదా" అన్నాడు కాలేసాబ్.

"మన టీవీకి రంధ్రాలు రెండే గదా నాయనా. అందుకే యాలాడతాన్యది."

నిజమే. కాలేసాబ్ ఇంట్లోనేనా? ఆ రోజుల్లో పెనుకొండలో ఏ ఇంట్లో చూసినా అదే వరస. టీవీకి పసుపు రంధ్రం ఒకటి, తెల్ల రంధ్రం ఒకటి. మూడో పిన్ను ఎక్కడ పెట్టాలో తెలియక, ఒకటి చెడిపోతే వేసుకునే స్పేరు కాబోలనుకుని అందరూ దాన్ని వెనక వేలాడదీసేవాళ్ళు. కాలేసాబ్ ఇంట్లోనైతే షహనాజ్ వాళ్ళవ్వ ఆ ఎర్ర వైరును ముడేసి, దానికి తన కళ్ళజోడు తగిలించుకునేది.

తెరమీద బొమ్మ వణికి, కుదురుకుంది. పెనుకొండ పందిరి. గేటు మీద సీరియల్ బల్బుల తోరణం, థర్మకోల్ అక్షరాల్లో పేర్లు. షహనాజ్ స్పీకర్లు ఆపి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పెళ్ళి వీడియో అంటే మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలే కదా. వీడియో షాపు తిమ్మరాజు మిక్సింగులో పెట్టిన ఆ పాటలు వరసతో సహా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

"పాటల్దేముందిలే, బొమ్మ చూడు సాలు" అన్నాడు కాలేసాబ్, కాఫీ గ్లాసు అందుకుంటూ.

మొదటి పాట అయిపోయింది. రెండోది మొదలయ్యే లోపల కాస్త ఖాళీ. షహనాజ్ చూపు అలవాటుగా గీతల మీదికి పోయింది. తెరమీద గీతలు రెండు. పైది తెల్ల వైరుది, కిందిది ఎర్ర వైరుది. పాట ఆగింది కాబట్టి పైగీత బుద్ధిగా పడుకుంది. మరి కిందిదేమిటి, ఇంకా గిలగిలలాడుతోంది?

షహనాజ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. వైరు వదులైందేమోనని పిన్ను నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. కరెంటు గుయ్యిమనే మోత అయితే గీత ఒకే తీరుగా ఉండాలి. ఇది అట్లా లేదు. ఉబ్బుతుంది, తగ్గుతుంది, ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. మనుషులు మాట్లాడితేనే గీత అట్లా ఉంటుంది. పాటలే ఉండే వీడియోలో మాటలెక్కడివి? ఆమె మౌస్ పట్టుకుని, శబ్దాన్ని కుడిఎడమలకు తిప్పే మీటను ఒక పక్క చివరికంటా లాగింది.

పాట మాయమైంది. బ్యాండుమేళం చప్పుడు, గ్లాసుల గలగల, "ఒరే, ఆ కుర్చీలు ఇట్ల తీసుకురాండ్రా" అని ఎవరిదో అరుపు. పసిపిల్ల ఏడుపు. దగ్గరగా ఒక దగ్గు, ఖళ్ళు ఖళ్ళుమని.

యా అల్లా! అవ్వ దగ్గు! అవ్వ పోయి ఎన్నాళ్ళయింది! షహనాజ్‌కు ఒళ్ళంతా పులకరించింది. ఇది తన పెళ్ళి. నిజంగా జరిగిన పెళ్ళి, నిజంగా మోగిన మోతతో సహా. తిమ్మరాజు పాటలన్నీ ఒక దారిలో పెట్టి, అసలు శబ్దాన్ని రెండో దారిలో పదిలంగా ఉంచేశాడు. ఇన్నేళ్ళుగా అదంతా ఆ ఎర్ర వైరులోనే ఉంది. దానికి కళ్ళజోడు తగిలించుకుని, పాటలు వింటూ కూర్చున్నారు ఇంటిల్లిపాదీ.

నాయనకు చెబుదామని సంబరంగా తల తిప్పింది. అంతలోనే కాలేసాబ్ తెర వైపు వేలు చూపించాడు.

"ఆ, వస్తాంది చూడు. ఇప్పుడే. ఇదిగో!"

షహనాజ్ నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. స్టేజీ మీద కొత్తచీరలో, ముఖం నిండా పూలసెహ్రాతో తాను. పక్కన నాయన. జనాన్ని తోసుకుంటూ మేనత్త మున్నీబీ మెట్లెక్కుతోంది. చేతుల్లో తట్ట, తట్టలో మడతపెట్టిన పచ్చటి పట్టుచీర. అత్త ముఖం ఎంత చిన్నబోయి ఉందో! ఇన్నిసార్లు చూసిన వీడియోలో ఆ సంగతి షహనాజ్ ఏనాడూ గమనించలేదు. గుయ్యిమనే మోతను కాస్త అణిచే మీటను కదిపి, హెడ్‌ఫోన్లను రెండు చేతులా చెవులకు అదుముకుంది.

"చూసినావా, ఎట్ల చెయ్యి ఊపుతాందో! ఆడబిడ్డ కట్నం సాల్లేదని గొడవ" అంటున్నాడు కాలేసాబ్ కుర్చీలోంచి.

చెవుల్లో అత్త గొంతు వేరే చెబుతోంది. "అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. వదిన గేటు కాడ నిలబడుండాది. లోపలికి గూడా రాదంట. బిడ్డను ఒక్కసారి దూరం నుంచి చూసి పోతాదంట."

వదినా? అత్తకు అన్న ఒక్కడే. ఆ అన్నకు జరిగిన పెళ్ళి ఒక్కటే. అత్త మొగుడికి అక్కలు లేరు. మున్నీబీ వదినా అని పిలవాల్సిన మనిషి లోకంలో ఒక్కతే, ఆమె షహనాజ్ తల్లి మాబున్ని. షహనాజ్‌కు ఊహ తెలియక ముందే విషజ్వరం వచ్చి పోయిన తల్లి!

"ఇంగ నేను ఎంత మర్యాదగా చెప్పినానో చూడు" అన్నాడు కాలేసాబ్. తెరమీద ఆయన పెదాలు కదిలాయి.

"ఏ వదిన? సచ్చిపోయిన మనిషి పెండ్లికెట్లొస్తాది?" అంది చెవుల్లో ఆయన గొంతు. వయసు మీద పడని గొంతు, కరుకు గొంతు.

"నువ్వు సచ్చిపోయిందని చెప్పుకుంటాండావు గానీ ఆమె బతికే ఉండాదన్నా. ఈ చీర ఆమె తెచ్చిందే. కూలి చేసి దాచి కొన్యది. నేనిచ్చినట్లే బిడ్డ మీద కప్పి దిగిపోతా. ఎవరికీ చెప్పను."

"ఆ చీర ఈడ పెడితే పందిట్లోనే కాల్చేస్తా. ఎత్తుకోని దిగు. ఈ పొద్దుతో నువ్వూ నాకు సచ్చినట్లే."

"అదో, అదో!" కాలేసాబ్ కుర్చీలోంచి లేచేశాడు. "ఇచ్చిన చీరను తానే లాక్కునింది సూడు! మళ్ళ ఆ మెటికలు సూడు!"

తెరమీద మున్నీబీ తట్ట చంకన పెట్టుకుని, ఖాళీగా ఉన్న చేతిని పెళ్ళికూతురి ముఖం చుట్టూ తిప్పి, తన కణతకు ఆనించి మెటికలు విరిచింది. ఆడవాళ్ళు మెటికలు విరిచేది రెండు సందర్భాల్లో. తిట్టి శాపనార్థాలు పెట్టేటప్పుడు విరుస్తారు, ముద్దొచ్చి దిష్టి తీసేటప్పుడూ విరుస్తారు. బొమ్మ చూస్తే ఏదో తెలియదు. నోటి మాట వింటేనే తెలుస్తుంది. ఆ నోటి మాట ఇప్పుడు షహనాజ్ చెవుల్లో ఉంది.

"నా తల్లీ, నా దిష్టే తగిలేట్లుండాది. సల్లగుండు. మీ అమ్మ చూస్తాంది."

అంతే. అత్త మెట్లు దిగిపోయింది. ఆ మోతలో, ఆ పూల వెనక, ఆకలితో తల వాల్చుకు కూర్చున్న పెళ్ళికూతురికి ఆ మాట అందనే లేదు. ఈ మనిషినా ఇన్నాళ్ళూ తాను తిట్టుకుంది! బిడ్డ కడుపులో నిలవక ఆస్పత్రిలో పడుకున్న రోజున, అత్త నోరు తగిలిందని పక్కవాళ్ళంటే తానూ అవునేమో అనుకుంది కదా! షహనాజ్‌కు తనమీద తనకే అసహ్యం పుట్టింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"చూసినావు గదా? ఇంగ చెప్పు. పోతావా ధర్మవరం?" కాలేసాబ్ గెలిచినవాడిలా గ్లాసు కింద పెట్టాడు.

షహనాజ్ క్యాసెట్‌ను కాసేపు వెనక్కి తిప్పింది. స్పీకర్ల స్విచ్ నొక్కింది. హెడ్‌ఫోన్ల పిన్ను పట్టుకుని ఊడలాగింది.

"ఏ వదిన? సచ్చిపోయిన మనిషి పెండ్లికెట్లొస్తాది?"

గది నిండా కాలేసాబ్ గొంతు. కుర్చీలో ఉన్న కాలేసాబ్ అదిరిపడ్డాడు. తన గొంతు తనకే ఎవరో పిలిచినట్టు వినపడితే మనిషి ఎట్లా ఉంటాడో అట్లా ఉన్నాడు. వీడియో మాత్రం ఆగలేదు. చీర కాల్చేస్తానన్న మాట, నువ్వూ నాకు చచ్చినట్లే అన్న మాట, ఒక్కొక్కటీ వచ్చి ఆయన మీద పడింది.

ఇదేమిటని ఆయన అడగలేదు. ఇది నా గొంతు కాదనీ అనలేదు. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది.

"తిమ్మరాజు తుడిపేసినా అన్న్యాడే!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం? మాట దాటిపోయింది.

"ఓహో. అడిగి మరీ తుడిపించినావా నాయనా?" షహనాజ్ కుర్చీని ఆయన వైపు తిప్పింది. "ఒక్కటి చెప్పు. మా అమ్మ గోరీ యాడుండాది?"

"చిన్నప్పుడే చెప్పినా గదమ్మా. ఆ ఏడు వానలకు గోరీలన్నీ కొట్టుకోని పాయ..."

"చిన్నప్పుడు చెప్తే నమ్మినా. ఫొటో యాదంటే, ఆ కాలంలో ఫొటోలు యాడివంటివి. అదీ నమ్మినా. ఇప్పుడు నా ముఖం చూసి చెప్పు. యాడుండాది?"

కాలేసాబ్ కూతురి ముఖం చూడలేదు. గ్లాసు అడుగున మిగిలిన కాఫీ చూశాడు.

"కొన్ని తెలుసుకోకుంటేనే మేలు. ఆయమ్మ నిన్ను వద్దనుకోని పోయింది. అంతకంటే నన్నేమీ అడగద్దు."

"వద్దనుకున్న మనిషి చీర తీసుకోని గేటు కాడికొచ్చిందా?"

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను చప్పుడు ఆగింది. వీసీఆర్ కళ్ళు మూసుకుంది. కంప్యూటర్ మాత్రం యూపీఎస్ పుణ్యాన వెలుగుతోంది. యూపీఎస్ కీచుమని ఒకసారి అరిచింది, ఆగి మళ్ళీ అరిచింది. దాని ఓపిక ఎంతసేపో షహనాజ్‌కు తెలుసు.

"మంచిదాయ, ఆర్పెయ్యిమ్మా. మిషను పాడైతాది" అన్నాడు కాలేసాబ్ ఆత్రంగా. ఎప్పుడూ లేనిది, ఆ మిషను బాగోగులు ఆయనకిప్పుడు గుర్తొచ్చాయి.

షహనాజ్ ఆర్పలేదు. గేటు కాడ నిలబడుండాది. ఆ ఒక్కమాటే చెవిలో తిరుగుతోంది. అంతదాకా లోపలికి వచ్చిన వీడియో కంప్యూటర్లో భద్రంగానే ఉంది. దాన్ని తెరిచింది. అత్త స్టేజీ దిగుతున్న చోటు పట్టుకుంది. గొడవ చూసిన తిమ్మరాజు ఊరుకుంటాడా? కెమెరా అత్త వెంటే తిప్పాడు. అత్త వీపు, జనం తలకాయలు, వంటల షామియానా, చివరికి గేటు. ఒక్క క్షణమే. మళ్ళీ కెమెరా పెళ్ళికొడుకు మీదికి వచ్చేసింది.

ఆ క్షణాన్ని ఆపింది. ఒక్కొక్క బొమ్మే వెనక్కి జరిపింది. యూపీఎస్ అరుపులు దగ్గర పడుతున్నాయి. తోరణం కింద, గేటు రెక్కను ఆనుకుని ఎవరో ఆడమనిషి. తలమీద కొంగు. షహనాజ్ బొమ్మను పెద్దది చేసింది. మరీ పెద్దదయ్యేసరికి ముఖం గళ్ళుగళ్ళుగా చెదిరిపోయింది. కాస్త తగ్గించింది. ఇంకో బొమ్మ వెనక్కి. అక్కడ, బల్బులు వెలిగిన రెప్పపాటులో, ఆమె తల ఎత్తింది.

ఎడమ చంకలో పూలబుట్ట. కుడిచేతిలో మూర కొలవడానికి చాచినట్టు జారిన పూలమాల. నెరవని జుట్టు, ముడతలు లేని బుగ్గలు. అంతే తేడా. మిగతాదంతా షహనాజ్ రోజూ పొద్దున తన గుమ్మంలో చూస్తున్న ముఖమే.

యూపీఎస్ ఆఖరుసారి అరిచి ఊరుకుంది. తెర నల్లబడింది.

షహనాజ్ నల్లటి తెర ముందు అట్లాగే కూర్చుండిపోయింది. కొలత మీద జానెడు ఎక్కువిచ్చే పూలు. నీ జడకు ఏమూలకు తల్లీ అనే మాట. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారమంతా గుమ్మంలో కూర్చుని కదలకుండా, పూలు వాడిపోతున్నాయని చెప్పినా లేవని మనిషి. అన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. నాయన పెనుకొండ నుంచి వచ్చిన ఏ రోజునా కుళ్ళాయమ్మ ఈ వీధిలోకి అడుగు పెట్టలేదు. రంజాన్‌కు వచ్చినప్పుడూ అంతే, సాదిక్‌కు కాలు విరిగిందని చూడ్డానికి వచ్చినప్పుడూ అంతే. ఇవాళా అంతే.

షహనాజ్ లేచింది. ముఖం తుడుచుకుంది. కొంగు సర్దుకుని చెప్పులేసుకుంది.

"యాడికి పోతాండావు?" కాలేసాబ్ కంగారుగా లేచి నిలబడ్డాడు. తెరమీద కూతురు ఏం చూసిందో ఆయనకు కనపడలేదు. ఆయన కూర్చున్న చోటికి ఆమె వీపే అడ్డం.

"పూలు తెచ్చుకోని వస్తా నాయనా."

ఎంత మామూలుగా అందో! ఆదివారం పూట ఆడమనిషి పూలకు పోవడంలో వింతేముంది? కాలేసాబ్ మాత్రం గబగబా వచ్చి తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"వద్దమ్మా. నీకు దండం పెడతా. ఆ కుళ్ళాయమ్మ కాడికి మాత్రం పోవద్దు."

షహనాజ్ గడప మీద ఆగిపోయింది. హిందూపురానికి కాపురం వచ్చిన నాటి నుంచి ఈనాటిదాకా, ఆ పేరు ఆమె నాయన ముందు ఒక్కసారి కూడా ఎత్తలేదు.